వండి పెట్టే హక్కు: నోటోలో నా అనుభవం

జపాన్‌లో విపత్తు జరిగిన ఊరికి సేవకు వెళ్లేవాళ్లకు అన్నిటికన్నా ముందు ఒక మాట చెబుతారు. తిండి, నీళ్లు, పడక, తిరుగు ప్రయాణం ఎవరివి వాళ్లే చూసుకోవాలి, బాధితుల మీద భారం పడకూడదు. వింటే న్యాయంగానే ఉంటుంది. నేనూ అలాగే అనుకుని, సంచీ నిండా బిస్కెట్లు, అటుకుల పొట్లాలు, నీళ్ల సీసాలు సర్దుకుని నోటో ద్వీపకల్పానికి వెళ్లాను. అక్కడి ఆడవాళ్లు ఆ నియమాన్ని ఎలా సడలింపజేశారో, వాళ్ల వంటగదిలో ఏమి చూశానో రాయాలని చాలా కాలంగా అనుకుంటున్నాను.

నోటో ఇషికావా ప్రిఫెక్చర్ (మన రాష్ట్రం లాంటిది) ఉత్తర భాగం. జపాన్ సముద్రంలోకి పొడుచుకు వచ్చిన నేల. 2024 జనవరి 1న, కొత్త సంవత్సరం భోజనానికి పిల్లలూ మనవలూ ఇళ్లకు చేరిన రోజున, సాయంత్రం 4 గంటల 10 నిమిషాలకు 7.6 తీవ్రతతో భూమి కంపించింది. ఉత్తర తీరంలోని వాజిమా పట్టణంలో తరతరాలుగా పేరున్న ఉదయపు సంత ఆ రాత్రి కాలి బూడిదైంది. ఉత్తర తీరంలో కొన్నిచోట్ల సముద్రపు అడుగు దాదాపు 4 మీటర్లు పైకి లేచింది. రేవుల్లో పడవలు నీళ్లు లేక బురదలో కూరుకుపోయాయి. రోడ్లు తెగిపోయాయి, కుళాయిలు నెలల తరబడి ఎండిపోయాయి. ఎలాగో తేరుకుని తాత్కాలిక ఇళ్లలోకి మారిన వాళ్ల మీద అదే ఏడాది సెప్టెంబరు 21న కుండపోత వాన పడింది. నదులు పొంగాయి, కొండచరియలు విరిగాయి, అప్పుడే చేరిన తాత్కాలిక ఇళ్లలోకి కూడా నీళ్లు వచ్చాయి.

నేను ఉండేది టోక్యోలోని నిషికసాయిలో. తెలుగువాళ్లం చాలామందిమి ఉంటాం అక్కడ. ఆ సెప్టెంబరు మొదట్లోనే బుడమేరు పొంగి విజయవాడలో సగం ఊరు మునిగింది. మా పిన్నివాళ్లు సింగ్‌నగర్‌లో పై అంతస్తులో చిక్కుకుపోయారు. పడవలో వచ్చినవాళ్లు అందించిన పులిహోర పొట్లాలతో రోజులు గడిపారు. ఇక్కడి నుంచి డబ్బు పంపడం, ఫోను చేయడం తప్ప చేయగలిగింది ఏమీ లేదు. మూడు వారాలు తిరక్కముందే నోటో బురద టీవీలో కనిపించింది. ఇక్కడికైతే రైలెక్కి వెళ్లగలను అనుకున్నాను. బయలుదేరడానికి నాకు వేరే కారణమేదీ అక్కర్లేకపోయింది.

వెళ్లాలనుకునే మనవాళ్లకు పనికొస్తుందని ఆ ఏర్పాట్లు కాస్త చెబుతాను. జపాన్‌లో ప్రతి ఊళ్లోనూ సాంఘిక సంక్షేమ మండలి ఉంటుంది, వాడుకలో షాక్యో అంటారు. విపత్తు వచ్చినప్పుడు సేవకుల కేంద్రాన్ని తెరిచేది అదే. మనం ఉండే చోటి షాక్యోకి వెళ్లి కొన్ని వందల యెన్‌లు కట్టి సేవా బీమా తీసుకోవాలి, అది మార్చి నెలాఖరు వరకు చెల్లుతుంది. బయలుదేరాక కాకుండా ఇంటి దగ్గరే తీసుకుంటే దారిలో జరిగేదానికి కూడా వర్తిస్తుంది. అప్పట్లో ప్రిఫెక్చర్ దగ్గర ముందుగా పేరు నమోదు చేసుకుంటే దాని ముఖ్య పట్టణం కనజావా నుంచి తెల్లవారుజామున బస్సు ఉండేది. మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు, వాటి అడుగున మేకు దిగకుండా ఇనుప రేకు, దుమ్ము ఆపే మాస్కు, మందపాటి చేతితొడుగులు తప్పనిసరి. వరద బురద ఎండితే పొడి అయి లేస్తుంది. అందులో ఏమి కలిసి ఉంటుందో చెప్పలేం కాబట్టి మాస్కు విషయంలో బద్ధకం పనికిరాదు.

మా జట్టును వాజిమాకు తూర్పున ఉన్న మాచినో వైపు పంపారు. మా పని, ఇళ్ల నేల కింది బురద తీయడం. పాత జపనీస్ ఇళ్లలో నేల చెక్కలు భూమికి కాస్త ఎత్తులో ఉంటాయి. వరద నీళ్లు పోయినా ఆ సందులో బురద ఉండిపోతుంది. దాన్ని తీయకపోతే చెక్కకు బూజు పట్టి ఇల్లు కుళ్లుతుంది. చాపలు ఎత్తి, చెక్కలు ఊడదీసి, దూలాల మధ్య బోర్లా పడుకుని చిన్న పారతో గీకి సంచుల్లోకి ఎత్తాలి. చల్లని, జిగట బురద. ఒక గదికి ఒక పూట సరిపోదు.

మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని మా పొట్లాలు విప్పుకునేవాళ్లం. మొదటి ఇంటి యజమానురాలు డెబ్భై దాటిన మనిషి. పళ్లెంలో టీ, ముల్లంగి ఊరగాయ ముక్కలు పెట్టుకుని వచ్చారు. మా జట్టు నాయకుడు నిలబడి, వంగి నమస్కరించి, ఎంతో మర్యాదగా వద్దన్నాడు. నియమం అదే మరి. ఆవిడ ఏమీ అనలేదు. పళ్లెం పట్టుకుని కాసేపు అలాగే నిలబడి లోపలికి వెళ్లిపోయారు. సాయంత్రం వరకు మళ్లీ బయటికి రాలేదు. ఆ మధ్యాహ్నం తిన్న రొట్టె నాకు గొంతు దిగలేదు.

ఇలాంటివి మరికొన్ని ఇళ్లలో కూడా జరిగినట్టున్నాయి. మేము పడుకునే చోటు ఒక బౌద్ధాలయం హాలు. దాని వంటగది భూకంపానికి తట్టుకుని నిలిచింది. ఒక సాయంత్రం ఊరి ఆడవాళ్లు కొందరు అక్కడికి వచ్చి, మాకు బస ఏర్పాటు చేసినవాళ్లతో చాలాసేపు మాట్లాడారు. అందులో ఒకావిడ అన్న మాట నేను పక్కనే ఉండి విన్నాను. "తొమ్మిది నెలలుగా ఎవరు పెట్టింది వాళ్ల దగ్గర తిన్నాం. రొట్టె తిన్నాం, కప్పులో నూడుల్స్ తిన్నాం, అట్టపెట్టెలో చల్లటి అన్నం తిన్నాం. అందరికీ రుణపడి ఉన్నాం. మా ఇంట్లో పనిచేసి వెళ్లేవాళ్లకు ఒక గిన్నెడు పులుసు పోయడానికి కూడా మేం పనికిరామా?"

దానికి ఎవరి దగ్గరా జవాబు లేదు. జనవరిలో ఆ నియమం సరైనదే. దుకాణాలు మూతపడి, ఉన్న ఒక్క రోడ్డు మీద సహాయ వాహనాలే కదలలేకపోతున్నప్పుడు బయటివాడు ఒక రొట్టె తిన్నా అది ఊరివాళ్ల నోటి దగ్గరిదే. శరదృతువు నాటికి దుకాణాలు కొన్ని తెరుచుకున్నాయి. అప్పుడు కూడా "మా తిండి మేం తెచ్చుకున్నాం" అంటూ ఉంటే, ఎదుటి మనిషిని ఎప్పటికీ పుచ్చుకునే వైపే కూర్చోబెట్టినట్టు. నోటోవాళ్లకు అది మరీ కష్టం. అక్కడ యొబారె అనే ఆచారం ఉంది. వేసవి నుంచి శరదృతువు దాకా ఊరూరా కిరికో ఉత్సవాలు జరుగుతాయి. మనిషికి కొన్ని రెట్లు ఎత్తుండే దీపస్తంభాలను మోస్తారు. ఆ రాత్రి ప్రతి ఇల్లూ బంధువులను, స్నేహితులను, పనిచేసే చోటివాళ్లను భోజనానికి పిలుస్తుంది. స్నేహితుడు వెంటబెట్టుకు వచ్చిన ముక్కూమొహం తెలియని వాడికి కూడా విస్తరి ఉంటుంది. ఎంతమంది వచ్చి తిన్నారన్నదే ఆ ఇంటి గౌరవం. వరద వచ్చింది సరిగ్గా ఆ కాలంలో. చాలా ఊళ్లలో ఆ ఏడు ఉత్సవం లేదు, పిలవడానికి ఇల్లూ లేదు.

చివరికి ఒక ఒప్పందం కుదిరింది. వారంలో కొన్ని సాయంత్రాలు ఆడవాళ్లు ఆలయంలో వండుతారు. సరుకుల ఖర్చు సేవకుల బస నిధి భరిస్తుంది. ఓపిక లేనిరోజు ఎవరూ రానక్కర్లేదు, ఎందుకు రాలేదని అడగకూడదు. ఈ చివరి షరతు పెట్టించింది ఊళ్లోని ఒక నర్సు. నాకు ఇప్పటికీ అన్నిటికన్నా తెలివైన షరతు అదే అనిపిస్తుంది. వండటం వల్ల కొందరికి ప్రాణం లేచి వస్తుంది. కొందరికి అది మరో బరువు. మేం పనిచేసే వీధిలోనే ఒకావిడ ఒక్కరోజు కూడా వంటగదికి రాలేదు. తలుపు వేసుకుని ఉండేవారు. ఆవిడనూ ఎవరూ ఏమీ అనలేదు.

నేను వంటగదిలోకి వెళ్లింది భారీ వర్ష హెచ్చరిక వల్ల. హెచ్చరిక ఉంటే బయటి పని ఆపేస్తారు. ఖాళీగా కూర్చోలేక కూరగాయలు తరుగుతానని వెళ్లాను. లోపల ఆరేడుగురు ఆడవాళ్లు, అందరూ అరవై దాటినవాళ్లే. పెద్ద గిన్నెలు ఎత్తడానికి మనిషి కావాల్సి వచ్చి నన్ను ఉంచుకున్నారు. "నీసాన్" అని, అంటే అన్నా అని పిలిచేవారు. నోటోలో మొగుడికి సుఖం, దక్షిణాన ఉన్న కాగా ప్రాంతంలో పెళ్లానికి సుఖం అని అక్కడ ఒక సామెత ఉందట. నోటో ఆడవాళ్లు అంత కష్టపడతారని దాని అర్థం. "అందుకే మగవాడు వంటగదిలోకి వస్తే మాకు చోద్యం" అని నవ్వారు ఒకావిడ. నవ్వుతూనే పాతిక ముల్లంగులు నా ముందు పెట్టారు.

కుళాయి లేని వంటగది ఎలా నడుస్తుందో ముందు అది నేర్చుకున్నాను. సెప్టెంబరు వానకు చాలాచోట్ల నీటి సరఫరా మళ్లీ ఆగింది. ట్యాంకరు నుంచి ఇరవై లీటర్ల డబ్బాల్లో తెచ్చుకున్న నీళ్లే. బియ్యం కడగనక్కర్లేని రకం, మిల్లులోనే తవుడంతా తీసేసి వస్తుంది. ముల్లంగి తొక్క తీయడానికి ముందు తడిగుడ్డతో మట్టి తుడవాలి. గిన్నె మీద పల్చటి ప్లాస్టిక్ పొర పరిచి అందులో వడ్డిస్తారు, తిన్నాక పొర తీసి పారేస్తే గిన్నె కడిగే పని ఉండదు. ఉడికిన ప్రతి గిన్నెలోనూ ఉష్ణమాపకం ముంచి, మధ్యభాగం 75 డిగ్రీల మీద కనీసం ఒక నిమిషం నిలిచిందా లేదా చూసి కాగితం మీద రాయాలి. పచ్చిది ఏదీ వడ్డించకూడదు, మిగిలింది ఎవరికీ కట్టి ఇవ్వకూడదు. అన్నం ముద్దలు ఒట్టి చేత్తో పట్టకూడదు. యాభై ఏళ్లుగా అరచేతిలో ఉప్పు రాసుకుని ముద్దలు చుట్టిన ఆడవాళ్లకు ఈ చివరిది మింగుడుపడలేదు. అయినా చేతితొడుగు వేసుకునే చుట్టారు. ఒక్కరికి వాంతులు పట్టుకున్నా మొత్తం హాలు పడిపోతుందని, దగ్గర్లో ఆసుపత్రి సరిగా నడవడం లేదని వాళ్లకు నాకంటే బాగా తెలుసు.

ఆ మొదటి రోజు వంట ఇషిరు పులుసు. ఇషిరు అంటే చేపలను ఉప్పులో ఊరబెట్టి, నెలల తరబడి పీపాల్లో ఉంచి, దిగిన రసాన్ని కాచి వడగట్టింది. వాజిమా వైపు కవళ్లు, కానాగంతల లాంటి చేపలతో చేస్తారు. ద్వీపకల్పానికి తూర్పు వైపున, నోటో పట్టణం దగ్గర, స్క్విడ్ పేగులతో చేస్తారు, అక్కడివాళ్లు ఇషిరి అంటారు. ఏది గొప్పదన్న వాదన ఎప్పటికీ తేలదు. మా గుంపులో ఒకావిడ తూర్పు నుంచి కోడలిగా వచ్చినావిడ. నలభై ఏళ్ల తర్వాత కూడా స్క్విడ్ రసానిదే పైచేయి అంటారు.

రాత్రే నీళ్లలో నానేసిన కొంబు సముద్రపు ఆకును మరగకముందే తీసేశారు. మరిగితే జిగట, చేదు దిగుతాయి. ముందు ముల్లంగి, క్యారెట్, తర్వాత చామదుంపలు, అవి మెత్తబడ్డాక వేయించిన టోఫు ముక్కలు వేశారు. అంతా ఉడికాక పెద్దావిడ ఇషిరు సీసా తెచ్చి, గరిటెలో కొలిచి, గిన్నె అంచు చుట్టూ తిప్పుతూ పోశారు. గుప్పున లేచింది వాసన. ఎండుచేపల పులుసు ఉడుకుతున్న ఇంట్లోకి అడుగుపెట్టినట్టే ఉంది. గది అవతల ఒక యువకుడు ముక్కు మూసుకోవడం నేను చూశాను, ఆవిడా చూశారు. "రెండు నిమిషాలు ఓపిక పట్టమను" అన్నారు. నిజంగానే మూత లేకుండా రెండు పొంగులు రానిచ్చాక ఆ ఘాటు దిగిపోయింది. గిన్నె అడుగు నుంచి వచ్చే రుచి మాత్రం మిగిలింది. ఉప్పు, సోయా, మరేదీ వేయలేదు. పొద్దున్నుంచి ఇళ్ల లోపల సామాన్లు మోసి అలసినవాళ్లు ఆ పులుసు తాగుతుంటే హాల్లో కాసేపు మాటలు ఆగిపోయాయి. ముక్కు మూసుకున్న కుర్రాడు మళ్లీ పోయించుకున్నాడు.

తర్వాత బయటి పని ఉన్న రోజుల్లో కూడా సాయంత్రం బూట్లు కడుక్కుని నేరుగా వంటగదికే వెళ్లేవాణ్ణి. ఒకరోజు వంకాయ, సోమెన్ కూర. సోమెన్ అంటే దారం లాంటి గోధుమ సేమ్యా. ఇషికావా ఇళ్లలో వేసవిలో వంకాయతో కలిపి ఉడికించే వంట అది. సోమెన్ విడిగా ఉడికించి, వార్చి, కడిగి వేయాలని ఒకావిడ పట్టుబట్టారు. అలా చేయకపోతే జావ అవుతుందట. అంత నీళ్లు ఎక్కడివని ఇంకొకావిడ. చివరికి ఎండు సోమెన్‌నే వంకాయల రసంలో వేశారు. సోమెన్ పిండిలోనే ఉప్పు ఉంటుంది, అది రసంలోకి దిగుతుంది. అందుకని సోయా సాస్ ముందే సగానికి తగ్గించారు. రసం కొంచెం చిక్కబడి వంకాయకు పట్టుకుంది. నాకైతే అదే బాగుంది. విడిగా వార్చాలన్న ఆవిడ రుచి చూసి, "ఈ ఏడాదికి ఇది చాలు" అన్నారు.

కాజిమే పులుసు గురించి చెప్పకుండా ఉండలేను. కాజిమే అక్కడి రాళ్ల మీద పెరిగే సముద్రపు ఆకు. చుట్టి, సన్నగా తరిగి ఎండబెడతారు. గుప్పెడు తీసుకుంటే నల్లటి ఎండు పీచులా ఉంటుంది. గిన్నెలో వేసి పైన వేడి మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) పులుసు పోయగానే అంచుల నుంచి పచ్చదనం పాకుతూ వస్తుంది, చూస్తుండగానే గిన్నె మొత్తం ఆకుపచ్చ అవుతుంది, జిగురు తేలుతుంది. ఆ ఎండు కాజిమే భూకంపానికి ముందు కోసింది. తీరం పైకి లేచాక ఆకు పెరిగే రాళ్లు కొన్నిచోట్ల నీళ్లలోంచి బయటపడి తెల్లగా మాడిపోయాయి. సముద్రంలో మునిగి శంఖాలు, ఆకులు ఏరి బతికే ఆడవాళ్లు వాజిమాలో ఉన్నారు. వాళ్ల పడవలు రేవు దాటలేకపోయాయి. డబ్బా అడుగున ఉన్నది కూడా మాకే వేసేస్తుంటే వద్దని చెప్పబోయాను. అప్పటికి ఆ ఊరి మర్యాద కొంత అర్థమైంది కాబట్టి ఊరుకుని గిన్నె పట్టాను.

ఉప్పు కూడా అంతే. నోటో కొసన ఉన్న సుజు తీరంలో ఇసుక మడుల మీద సముద్రపు నీళ్లు చేత్తో చల్లి, ఎండబెట్టి, ఆ ఇసుకలోంచి చిక్కటి ఉప్పునీరు దింపి, కట్టెల పొయ్యి మీద కాచి ఉప్పు తీసే పాత పద్ధతి ఇంకా ఉంది. అన్నం ముద్దలకు ఆ ఉప్పే వాడేవారు. బియ్యపు తవుడులో ఊరిన కొంకా ఇవాషి అనే కవళ్లను బాగా కాల్చి, గోరంత ముక్క అన్నం పక్కన పెట్టేవారు. పొద్దంతా చెమటోడ్చి వచ్చిన మనిషికి ఆ ఉప్పదనం ఎంత అవసరమో ఒళ్లే చెబుతుంది.

ఒక పాత ఇంట్లో పనిచేస్తున్నప్పుడు జరిగింది ఇంకొకటి. పెరట్లోని మట్టిగోడల కొట్టు సగం కూలింది. దాన్ని ఖాళీ చేస్తుంటే బురద పట్టిన చెక్కపెట్టెలు కొన్ని బయటపడ్డాయి. ఇంటావిడ దూరం నుంచే, "అవి పారేయండి, ఇక ఎందుకు" అన్నారు. ఒక పెట్టె మూత తీస్తే లోపల కాగితాల్లో చుట్టిన గిన్నెలు, పొట్టి కాళ్ల పీటపళ్లేలు, అన్నీ వాజిమా లక్క సామాను, ఇరవై మందికి సరిపడా. యొబారె కోసం పెళ్లినాటి నుంచి ఆ ఇంట్లో ఉన్నవి. వాజిమా లక్క పనిలో చెక్క బలహీనంగా ఉండే అంచులకు గుడ్డ అతికిస్తారు. అక్కడే దొరికే ఒక రకం మట్టిని కాల్చి పొడి చేసి అడుగు పూతలో కలుపుతారు. వందకు పైగా దశలు ఉంటాయంటారు. ఆ గట్టిదనం ఆ రోజు కళ్లారా చూశాను. తడిపిన మెత్తటి గుడ్డతో, రుద్దకుండా, అద్దుతూ బురద తీస్తుంటే కింద ఎరుపు అలాగే ఉంది. కాగితం అతుక్కుపోయిన చోట తప్ప మచ్చ లేదు. నీడలో బోర్లించి ఆరబెట్టాం. ఆవిడ దగ్గరికి వచ్చి ఒక గిన్నె చేతిలోకి తీసుకుని, అడుగున ఉన్న ఇంటి గుర్తును బొటనవేలితో తడిమారు. ఆ తర్వాత అన్న మాట: "రేపు వీటిలో పెడదాం."

ప్లాస్టిక్ పొర లేకుండా, అన్ని గిన్నెలు, అన్ని పళ్లేలు, ఆ నీటి కరువులో. బస నిర్వాహకుడు నోరు తెరవబోయి ఆగిపోయాడు. కడగడానికి కావాల్సిన నీళ్లు తెచ్చే పని మేమే పంచుకున్నాం. మర్నాడు ఇషిరు పులుసు, చామదుంపలతో ఉడికించిన ఆక్టోపస్, అన్నం, చివర్లో ఎబిసు. అగర్ (సముద్రపు ఆకు నుంచి తీసే జెల్లీ) కరిగించి, తీపి సోయా, అల్లం వేసి, గిలకొట్టిన గుడ్డును సన్నని ధారగా పోసి గడ్డకట్టించే పండగ వంటకం అది. ఫ్రిజ్ లేకపోయినా గది చల్లదనానికే గట్టిపడుతుంది, కోస్తే లోపల గుడ్డు మేఘాల్లా కనిపిస్తుంది. ఇంటావిడ ఏప్రన్ తీసేసి, మంచి చొక్కా వేసుకుని వచ్చారు. మా ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కో గిన్నె చూపిస్తూ అది ఏమిటో, ఎక్కడిదో, ఎవరు పండించారో చెప్పారు.

అలా చెప్పడం నోటోలో కొత్త కాదు. అయె నో కోతో అనే ఆచారం ఉంది వాళ్లకు. 2009లో యునెస్కో దాన్ని మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. డిసెంబరు 5న రైతు పొలానికి వెళ్లి పొలం దేవుణ్ణి ఇంటికి పిలుచుకు వస్తాడు. స్నానం చేయిస్తాడు, భోజనం పెడతాడు. ఫిబ్రవరి 9న మళ్లీ విందు పెట్టి సాగనంపుతాడు. ఆ దేవుడికి కళ్లు కనిపించవని నమ్మకం. అందుకే ఇంటి యజమాని ప్రతి వంటకాన్నీ పేరు పేరునా నోటితో చెబుతాడు. మా జట్టులో సగం మందిమి బయటి దేశాలవాళ్లం, ఆ గిన్నెల్లో ఏముందో కళ్లతో చూసినా తెలియనివాళ్లం. ఆవిడ గొంతు ఎక్కడా తడబడలేదు. టీ పళ్లెం పట్టుకుని అరుగు దగ్గర ఆగిపోయిన ఆ మొదటి ఇంటావిడ కూడా ఆ సాయంత్రం వడ్డనలో ఉన్నారు. మా జట్టు నాయకుడు రెండు చేతులతో గిన్నె అందుకుని, అడుగంటా తిన్నాడు.

గిన్నెలు తుడుస్తుండగా పెద్దావిడ నన్ను అడిగారు, "మీ ఊళ్లో వరదొస్తే ఎవరు వండుతారు?" బుడమేరు గురించి చెప్పాను. చుట్టుపక్కల ఊళ్లలో పొయ్యిలు వెలిగించి, ఎవరింట్లో వాళ్లు వండి పొట్లాలు కట్టిన సంగతి, మా పిన్నికి అందిన పులిహోర సంగతి చెప్పాను. పులిహోరే ఎందుకు అన్నారు. చింతపండు పులుపు, ఉప్పు, నూనె వల్ల వెంటనే పాడవదని చెప్పాను. "మేం ముద్దలో ఉప్పులో ఊరిన పుల్లటి ఉమె పండు పెట్టేది కూడా అందుకే" అన్నారు. తర్వాత అసలు ప్రశ్న వేశారు. "మీ పిన్ని వాళ్లకు తిరిగి వండి పెట్టిందా?" పొట్లాలు తెచ్చినవాళ్లెవరో మా పిన్నికి తెలియదు. ఆ రాత్రి ఫోను చేసి ఆ ప్రశ్న ఆమెకు చెబితే, నీళ్లు తగ్గాక వీధి శుభ్రం చేయడానికి వేరే ఊరి నుంచి వచ్చిన మున్సిపల్ కార్మికులకు తను, పక్కింటావిడ కలిసి రెండు రోజులు ఉప్మా, టీ ఇచ్చామని చెప్పింది. అంతవరకూ ఆ సంగతి నాకు చెప్పాలని ఆమెకు తోచనే లేదు. పెద్దావిడకు మర్నాడు చెబితే తల ఊపి, "అదీ" అన్నారు.

చలి ముదిరాక ఆలయం వంటలు తగ్గాయి, మంచు పడే రోజుల్లో బయటి పని కూడా తగ్గింది. నేను తర్వాత కూడా వెళ్లి వచ్చాను. మనవాళ్లు ఎవరైనా ఇలాంటి పనికి వెళితే నాదొక మనవి. మీ తిండి మీరు తీసుకెళ్లండి, అది సంచీలో ఉండనివ్వండి. ఎవరైనా పెడతామంటే మాత్రం మీ నిర్వాహకుణ్ణి ముందే అడిగి పెట్టుకుని కూర్చుని తినండి. చేప తినని వాళ్లు ఆ మాట వంట మొదలవకముందే చెప్పాలి, ఎందుకంటే నోటోలో కూరగాయల పులుసులో కూడా చేప రసం ఉండొచ్చు. మొహమాటపడి గిన్నె వదిలేస్తే వండినవాళ్లకు కారణం తెలియక బాధ కలుగుతుంది.

ఇషిరు టోక్యోలో ఇషికావా సరుకులు అమ్మే దుకాణాల్లో దొరుకుతుంది. కొనడం కూడా ఆ తీరానికి ఒక ఆసరా. పెద్దావిడ నాకు చెప్పిన కొలత నలుగురికి ఇదీ. 800 మిల్లీలీటర్ల నీళ్లలో అరచేతి పొడవు కొంబు రాత్రంతా నానబెట్టి, సన్నటి సెగ మీద వేడి చేసి, మరుగు రాకముందే తీసేయాలి. పావు ముల్లంగి, అర క్యారెట్, నాలుగు చామదుంపలు వేసి మెత్తబడనివ్వాలి. ఒక పలక వేయించిన టోఫును ముక్కలు చేసి వేసి, ఒకటిన్నర పెద్ద చెంచాల ఇషిరు పోసి, మూత పెట్టకుండా రెండు పొంగులు రానివ్వాలి. రుచి చూశాకే ఇంకో అర చెంచా పోయాలా అన్నది ఆలోచించాలి. దించే ముందు ఉల్లికాడలు. కారం లేకపోతే మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగదు, అందుకని నేను ఒక ఎండుమిర్చి తుంచి వేస్తాను. ఆవిడకు ఆ సంగతి చెబితే తనూ వేసి చూశానని, బాగానే ఉందని, అయితే తర్వాతిసారి మాత్రం వేయనని చెప్పారు.